మూసీ గట్టున పఠన మందిరములు

హైదరాబాదులోని నయాపూలు మీద నిలిచి చూచినవారికి మూసీనది కిరుప్రక్కల నాలుగు గొప్ప భవనములు కనబడును. దక్షిణపు గట్టున హైకోర్టు, దానికి చేరువనే సిటీ కాలేజి. ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజిలోని పెద్ద గ్రంథాలయము. 1908 సెప్టెంబరులో నది పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట ముప్పది సంవత్సరములలోపల ఒకటొకటిగా లేచిన కట్టడము లివి. వీనిని గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. మేము చెప్పదలచినది వంతెనమీదినుండి కనబడని గదులను గూర్చి. ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక దీపము, నాలుగైదు పత్రికలు: అంతకు మించి ఆ గదులలో సామాను లేదు. వానికి పఠన మందిరములని పేరు. అక్కడ చేరినవారు చదివిరి. చదివినదానిని గూర్చి వాదించుకొనిరి. ఆ వాదములనుండియే ఈ నగరమున రాజకీయమనునది మొలకెత్తినది.

రాజకీయము సభలలో పుట్టునని మన మనుకొందుము. హైదరాబాదు సంస్థానమున ఆ మాట చెల్లదు. అక్కడ శాసనసభయని చెప్పబడినదానికి ప్రజ లెన్నుకొన్న పలుకుబడి లేదు. సభ జరుపవలెనన్నచో ముందుగా సర్కారువారి అనుమతి పొందవలెను. 1920ల చివరినుండి ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు ఈ నియమమును మరింత బిగించినది. సభ ఎవరు జరుపుదురు, ఎందుకు జరుపుదురు, ఎవరు మాటలాడుదురు అనునవి ముందే తెలియజేయవలెను. రాజకీయము ప్రసంగింపమని ఒప్పుకొనవలెను. అయితే, ఒక పత్రికను బిగ్గరగా చదువుట సభయగునా? ముగ్గురు వినినచో కాదేమో. ముప్పదిమంది వినినచో? ఈ ప్రశ్నకు ఏ తాలూక్‌దారుని కచ్చేరిలోను సరియైన జవాబు లేదు. ఆ సందులోనే పఠన మందిరములు బ్రదికినవి.

చదువగలవారెందరను ప్రశ్న యొకటి యున్నది. 1931 జనాభా లెక్కలనాటికి సంస్థానమున అక్షరాస్యులు నూటికి పదిమందికంటె తక్కువ. కాబట్టి అక్కడ పఠనమనగా చాలవరకు శ్రవణమే. ఒకరు చదువుట, తక్కినవారు చెవియొగ్గుట, నడుమ నొకడు ‘ఆగుడు, ఆ మాట మరల చదువుడు’ అనుట. ఇది మన దేశమునకే పరిమితమైన వింత కాదు. క్యూబాలోని హవానా నగరమున చుట్టల కార్మాగారములందు పనివారు తమ కూలిలోనుండి తలా కొంత వేసికొని ఒక చదువరిని కుదుర్చుకొనుచుండిరి. అతడు ఎత్తైన పీటమీద కూర్చుండి పనివారి చేతులు కదలుచుండగా పత్రికలు, నవలలు చదివి వినిపించెడివాడు. ఈ ఏర్పాటు 1865లో మొదలైనది. మన పొరుగున కేరళమునందలి కన్ననూరు బీడీ పనివారును అట్లే చేసిరి. ఇంటిలో రేడియో గలవారికి ఈ సంగతి వింతగా తోపదు. చెవితో చదువుట యెట్టిదో వారెరుగుదురు.

ఇక ఆ గదు లెక్కడ నుండెను?

హైదరాబాదు సాంస్కృతిక చరిత్రను తిరుగవేయువారి కొక విషయము కంటికి తగులును. ఆర్యసమాజము 1892లోను, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, తరువాత వివేకవర్ధినీ పాఠశాల, ఇంకను అనేక సంఘములును మూసీ కుత్తరముననే, సుల్తాను బజారు చుట్టుపట్లనే వెలసినవి. 1591లో చార్మినారు చుట్టు పుట్టిన అసలు నగరము నదికి దక్షిణమున నుండగా, కొత్త సంఘములన్నియు ఉత్తరమున నేల చేరినవి? కారణము భూగోళములో లేదు, అధికారములో నున్నది. కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ చుట్టునున్న బజారులు 1933 వరకు రెసిడెంటు పాలనలో నుండెను. ఒక వంతెన దాటినచో చట్టము మారును, పోలీసు మారును. దక్షిణపు గట్టున కోత్వాలు చెవిని బడినచో చిక్కు తెచ్చు మాట ఉత్తరపు గట్టున కొంత స్వేచ్ఛగా అనవచ్చును. దొరవారి దయ యని యెవరు ననుకొనరాదు. ఇంగ్లీషు ఇండియాలో అదే దొరలు పత్రికలనెట్లు నొక్కిరో అందరెరిగినదే. రెండు అధికారముల నడుమ మిగిలిన వెసులుబాటును జనులు వాడుకొనిరి, అంతే.

ఇట్లని దక్షిణపు గట్టు మూగవోయినదనుట పొరబాటు. మన తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్రలను చదివినవారు అట్లే అనుకొందురు. ఆ చరిత్రలు 1901తో ఆరంభమగుచున్నవి. కాని అంతకు ఆరేండ్లు ముందు, 1895లో, పాతనగరము నడిబొడ్డున షాలిబండలో మరాఠీవారు భారత గుణవర్ధక సంస్థ అను పేర నొక గ్రంథాలయమును నెలకొల్పిరి. చార్మినారునుండి దక్షిణముగా నడచినవారికి షాలిబండ ఎంతో దూరము కాదు. రెసిడెన్సీ నీడ అక్కడ పడదు. నిజాము రాజమందిరములే దగ్గర. అట్టిచోట ఒక భాషవారు తమ పుస్తకములను, తమ పత్రికలను తెచ్చుకొని కూర్చుండిరన్న విషయమును మనవారు తగినంతగా గుర్తింపలేదని మా అభిప్రాయము.

తెలుగువారి భాషానిలయమునకును మరాఠీ చదువుతో సంబంధము లేకపోలేదు. దాని మూలపురుషులలో నొకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు నాగపురములో అక్క బండారు అచ్చమాంబగారి యింట పెరిగి, అక్కడనే చదువుకొనిరి. మరాఠీ వారికి రెండవ మాతృభాషవంటిది. మరాఠీవారు గ్రంథములు ప్రకటించుకొను విధమును, సంఘములు నడుపుకొను విధమును కండ్లార చూచిన మనిషి తన భాషకు అట్టిది లేదే యని కుందుట సహజము. మునగాల రాజా నాయని వెంకటరంగారావు బహద్దరుగారి దివానుగా నుండి, రాజాగారి అండతోను, రావిచెట్టు రంగారావుగారి పూనికతోను, ఆదిపూడి సోమనాథరావుగారు మొదలగు మిత్రుల తోడ్పాటుతోను 1901 సెప్టెంబరు 1వ తేదీన రంగారావుగారి యింటనే ఈ నిలయమును ఆరంభించిరి. రంగారావుగారు 1910లో మరణించిరి. ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారి విరాళము నిలయమునకు సొంత చోటు కలుగుటకు తోడ్పడినది. సుల్తాను బజారులోని భవనమును 1921లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రారంభించిరి. ఆ లక్ష్మీనరసమ్మగారి పేరు ఉపన్యాసములలో సాధారణముగా ఒక వాక్యముతో సరిపోవుచున్నది. ఇక్కడను అంతే అయినందుకు మాకును సిగ్గుగానే యున్నది.

1906లో ఈ మిత్రబృందమే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని హైదరాబాదులో స్థాపించినది. రెండేండ్లకు అది మదరాసుకు తరలిపోయినది. మండలి వెలువరించిన మొదటి గ్రంథమేదో తెలియునా? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము, 1907. రామాయణము కాదు, ప్రబంధము కాదు, వ్యాకరణమును కాదు. బానిసత్వమును రద్దుచేసిన ఒక అమెరికా దేశాధ్యక్షుని కథ. దొరల గడీలలో వెట్టి చేయువారు లక్షలుగా నున్న దేశమున, అటువంటి పుస్తకము బల్లమీద నుండగా దానిచుట్టు ఏమి మాటలు నడచియుండునో ఊహించుకొనుటకు గొప్ప ప్రజ్ఞ యక్కరలేదు. నిజాము రాజ్యమును గూర్చి యొక్క ముక్క యైనను అందులో నుండ నక్కరలేదు. వేరొక దేశమును గూర్చి చదువుట, తన దేశమును గూర్చి ఆలోచించుట: పఠన మందిరపు విద్య యిదే. రచయితయగు హరిసర్వోత్తమరావుగారు మరుసటి సంవత్సరమే ఇంగ్లీషువారి చెరసాలకు పోయిరి. అది వేరొక పత్రికలో వ్రాసిన వ్రాతకు.

ఇక భాష మాట. సంస్థానమున తెలుగు మాటలాడువారు జనాభాలో ఇంచుమించు సగము. అయినను కచ్చేరిలో ఉర్దూ, కాలేజిలో ఉర్దూ, పెద్దమనుష్యుల సభలలో ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు. పారసీకము పోయి ఉర్దూ సర్కారు భాషయైనది 1880లలో. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనతో 1918లో వెలసినది. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పుట ఘనకార్యమే, సందేహము లేదు. కాని ఆ దేశభాష ఎవరి భాష యని అడుగువారు లేకపోయిరి. అడుగువలసిన సందర్భము 1921 నవంబరులో వచ్చినది. వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరుగుచుండెను. మహర్షి ధోండో కేశవ కర్వే పండితు డధ్యక్షుడు. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన మహనీయు డాయన. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారను వకీలు లేచి తెలుగులో మాటలాడ మొదలుపెట్టిరి. సభలో కొందరు నవ్విరి, చప్పట్లు చరచి ఆయనను కూర్చుండబెట్టిరి.

సంస్కారసభ యది. సమానత్వమును గూర్చి తీర్మానములు చేయవచ్చినవారే నవ్విరి. ఆ రాత్రియే పట్టుమని డజనుమంది తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, మందుముల నరసింగరావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు ఆ తొలిదినములనుండియు దానితో నడచినవారు. అవమానము పొందిన బృందమునుండి మన మేమి ఆశింతుము? ఒక ఖండన తీర్మానమును, ఒక ప్రతిసభను. వారు పెట్టుకొన్న కార్యక్రమములో గ్రంథాలయములు, పఠన మందిరములు, పాఠశాలలు ముందు వరుసలో నున్నవి. ఎచ్చట తమ భాషను నవ్వి కూర్చుండబెట్టిరో అచ్చట గొంతు పెంచుటకంటె, ఆ భాషలో చదువువారిని ఊరూర పెంచుట మేలని వారికి తోచినది. 1922లో ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ పత్రికయు, నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారి ‘నీలగిరి’ పత్రికయు వెలువడినవి. నగరమునుండి సురవరము ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ’ పత్రిక 1926లో వచ్చినది. బల్లమీద ఇక పరాయి ఊళ్ల పత్రికలే కాక ఇంటి పత్రికలును చేరినవి. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఆ సభకు వచ్చిన తెలుగువారిలో పలువురు అంతకుముందే ఏదో యొక పఠన మందిరములో పత్రికలు తిరుగవేసినవారే.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక లోపము గలదు. ఈ బల్లల చుట్టు కూర్చున్నవారెవ్వరు? వకీళ్లు, ఉద్యోగులు, భూస్వాములు, విద్యార్థులు. వెట్టిని గూర్చి లింకను చరిత్రలో చదివినవారు, వెట్టి చేసినవారు కారు. చేసినవారు ఆ గది గడప దాక వచ్చినచో వారిని బెంచీమీద కూర్చుండుడని అనియుందురా? ఈ ప్రశ్నకు ఆ కాలపువారే యొకరు తమ జీవితముతో బదులు చెప్పిరి. భాగ్యరెడ్డివర్మగారు 1888లో హైదరాబాదులో, అస్పృశ్యులని లోకము దూరముంచిన కులములో పుట్టిరి. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిరి. ఆయన పుస్తకములతో ఆరంభింపలేదు. హరికథలతోను భజనలతోను ఆరంభించిరి. చదువు రానివారిని మొదట వినువారినిగా చేసి, వినుటకు అలవడిన పిమ్మట వారి పిల్లలకై బడులు తెరచిరి. ఇసామియా బజారులోని బడి 1910 నాటిది. మరుసటి యేట మండలి మాన్యసంఘమైనది. 1917లో బెజవాడలో జరిగిన ప్రథమ పంచమ మహాసభ కాయన యధ్యక్షులు. పంచములను మాటను త్రోసివేసి ఆదిఆంధ్రులని పేరు పెట్టుకొనినది ఆ సభయే. 1931లో ‘భాగ్యనగర్’ పత్రికను వెలువరించిరి. ఇసామియా బజారును సుల్తాను బజారును ఇరుగుపొరుగు పేటలు. వాని నడుమనున్న దూరము గజములతో కొలువదగినది కాదు.

నది దాటి తిరిగి పాతనగరములోనికి పోవుదము. అక్కడి తెలుగువా రనగా ఎవరు? లాలుదర్వాజా, గౌలిపుర, షాలిబండ ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న చేతిపనివారు, చిల్లర వర్తకులు, కూలివారు. ఆషాఢమాసమున బోనములెత్తుకొని వీథులు నింపువారు వీరే. ఇంటిలో తెలుగు, అంగడిలో ఉర్దూ. తెలుగు వ్రాయుటకంటె ఉర్దూ అర్థముచేసికొనుట వీరిలో పలువురకు సులభమైయుండెను. పఠన మందిరము లేకున్నను వీరు వార్త లెరుగనివారు కారు. హోటలులో చాయి త్రాగుచు ఒకడు ఉర్దూ పత్రిక చదువుచుండగా నలుగురు వినుట ఈ వీథులలో నిత్యకృత్యము. ఇక ముషాయిరా సంగతి చెప్పనే యక్కరలేదు. తెల్లవార్లు కూర్చుండి కవిత్వమును విని, నచ్చిన పాదమును మరల మరల చదివించుకొను జనులకు వినుట యొక కళ. ఆ కళను రాజకీయమునకు మళ్లించుట ఎంతసేపు?

ఉర్దూలో వాదప్రతివాదము లప్పటికే ముదిరియుండెను. 1890లలోనే మౌల్వీ ముహిబ్ హుసేనుగారు ‘ముఅల్లిమె నిస్వాన్’ అను స్త్రీల పత్రికను ఈ నగరమున నడపి, పరదాను గూర్చి ధైర్యముగా ప్రశ్నించిరి. తరువాతి తరములో సుగ్రా హుమాయూను మీర్జాగారు ‘అన్నిసా’ పత్రికకు సంపాదకురాలై, బాలికలకు బడి పెట్టిరి. ఉత్తరపు గట్టున స్త్రీలు పఠన మందిరములలో అరుదుగా కనబడుచుండిన కాలమది. పరదా చాటున పత్రిక చేరిన యిల్లు, పురుషులు మాత్రమే కూర్చుండు గది: ఈ రెండింటిలో నేది యెక్కువ నాగరకమో తేల్చుట అంత సులభము కాదు. 1891లో ఆరంభమైన ఆసఫియా గ్రంథాలయము 1936లో అఫ్జల్‌గంజి భవనములోనికి వచ్చినది. అరబ్బీ, పారసీ వ్రాతప్రతులకు పేరుపొందిన ఆ సంస్థ, వంతెన మొగదలకు వచ్చుటచేత, పాతనగర యువకులకు నడకదూరములో నొక ఆశ్రయమైనది.

వంతెనకు ఈవలి మొగదల ఆసఫియా, ఆవలి మొగదల సిటీ కాలేజి. 1939లో ఆ కాలేజిలో ఉర్దూ బోధింపవచ్చిన యువకుడు మఖ్దూం మొహియుద్దీను. అప్పటికే కవిగా పేరు వచ్చినది. అదే యేట నగరపు యువకులు కొందరు కామ్రేడ్స్ అసోసియేషన్ అను సంఘముగా చేరిరి. మఖ్దూం, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ, రాజ్‌బహదూర్ గౌర్ అందలి ముఖ్యులు. గౌరుగారు పాతనగరపు గౌలిపురలో 1918లో పుట్టినవారు, వైద్యవిద్య చదివినవారు. ఖుంద్‌మీరీగారు తరువాతి కాలమున ఉస్మానియాలో తత్త్వశాస్త్రాచార్యులుగా ప్రసిద్ధులైరి. ఒకరు వైద్యుడు, ఒకరు కవి, ఒకరు తత్త్వవేత్త. హిందువులు, ముస్లిములు కలిసిన బృందము. ఐరోపాలో యుద్ధ మారంభమైనది. అంతకు ముందటి యేడు, 1938లో, స్టేటు కాంగ్రెసును పుట్టకమునుపే నిషేధించిరి. వందేమాతరము పాడినందుకు విద్యార్థులను ఉస్మానియానుండి వెడలగొట్టిరి. ఇట్టి వేళ సంఘము పెట్టుకొనుట వినోదము కాదు.

ఈ బృందమును మేము పఠనగోష్ఠి యని పిలుచుటలో కొంత సాహసమున్నది. వారిని పార్టీ చరిత్రలో చేర్చి చెప్పుటయే వాడుక. కాని మొదట పార్టీ లేదు. చదువు, చర్చ, మైత్రి యుండెను. అప్పటికి నగరమున మూడు బల్లలుండెను. తెలుగు బల్లనుండి ఆంధ్ర మహాసభ పుట్టినది. అందులో రావి నారాయణరెడ్డిగారు, దేవులపల్లి వెంకటేశ్వరరావుగారు, బద్దం ఎల్లారెడ్డిగారివంటి యువకులు క్రొత్తదారి వెదకుచుండిరి. మరాఠీ బల్లనుండి మహారాష్ట్ర పరిషత్తు పుట్టినది, అందును అట్టివారుండిరి. ఉర్దూ బల్లనుండి కామ్రేడ్స్ అసోసియేషన్ వచ్చినది. ఒకరినొకరు ఎరుగకయే ముగ్గురును ఇంచుమించు ఒకే తీరు పుస్తకములు చదువుచుండిరి. 1939–40 ప్రాంతమున ఈ మూడు పాయలు కలిసి హైదరాబాదు కమ్యూనిస్టు పార్టీ ఏర్పడినది. దాని విధానములను గూర్చి వాదింపదలచినవారు వాదింపవచ్చును. నది కిరుప్రక్కల, మూడు భాషలలో, నలుబదియేండ్లుగా వేరువేరుగా కూర్చున్నవారు ఒకే గదిలో కూర్చుండిరను సంగతి మాత్రము కాదనరానిది. 1921లో ఒక భాషను చూచి మరియొక భాష నవ్విన నగరమునకు ఇది చిన్న మార్పు కాదు.

బల్ల కలిసినంతమాత్రమున భాష కలియదు. ఉర్దూ కవిత్వము నల్లగొండ పల్లెలోని పాలేరు కర్థమగునా? వానికి తెలుగు పుస్తకము కావలెను. అదియు కొనగల వెలలో కావలెను. ఈ పనికి పూనుకొన్నవారిలో వట్టికోట ఆళ్వారుస్వామిగారిని తలవక తప్పదు. 1915లో పుట్టిన ఆళ్వారుస్వామి బాల్యమున పరుల యిండ్లలో వంటపని చేసి, హోటలులో వడ్డన చేసి, ఆ పనుల నడుమ చదువు నేర్చుకొన్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకములను తానే మోసికొని ఊరూర అమ్మెను. కె. సి. గుప్తగారు అణా గ్రంథమాలను పెట్టి వెలను పేరులోనే చెప్పిరి. పఠన మందిరమునకు జనులు వచ్చుట ఒకనాటి మాట. జనులున్నచోటికి పఠన మందిరము బుజము మీద నడచిపోవుట ఆళ్వారుస్వామి నాటి మాట. ఆయన చెరసాలకును పోయెను. అక్కడి యనుభవములు తరువాత కథలైనవి. 1955లో వెలువడిన ‘ప్రజల మనిషి’ నవలలో ఆ కాలపు పల్లె యున్నది.

ఉర్దూ, తెలుగు కలియుటకు మరియొక త్రోవ పత్రికలలో నడచినది. మందుముల నరసింగరావుగారు ఆంధ్ర జనసంఘమువారు. తెలుగు మీద జరిగిన అవమానమునుండి పుట్టిన సంఘమునకు చెందిన ఆయన నడపిన పత్రిక ‘రయ్యత్’, ఉర్దూ పత్రిక. అందులో వైరుధ్య మేమియు లేదు. పాలకులు చదువు భాషలో పాలితుల మాట చెప్పవలెనని ఆయన యెంచెను. సర్కారు దానిని సహింపక నిలిపివేసిన సందర్భములు గలవు. ఆ ‘రయ్యత్’లో పనిచేసిన యువకులలో నొకడు షోయబుల్లా ఖాను. 1947 నవంబరు 15వ తేదీన ‘ఇమ్రోజ్’ అను స్వంత ఉర్దూ పత్రికను ఆరంభించెను. బూర్గుల రామకృష్ణారావుగారి అండ అతనికి గలదు. భారత యూనియనులో హైదరాబాదు చేరవలెనని, రజాకార్ల దౌర్జన్యము లాగవలెనని సూటిగా వ్రాసెను. బెదరింపులు వచ్చినను మానలేదు.

1948 ఆగష్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి యింటికి పోవుచుండగా అతనిని కాల్చిరి. వ్రాసిన చేతిని నరికిరి. తెల్లవారునప్పటికి మరణించెను. ఇరువది యెనిమిదేండ్లు నిండలేదు. పోలీసు చర్య సెప్టెంబరులో జరిగినది, మూడు నాలుగు వారములలోపల. అతని పత్రిక తొమ్మిది నెలలే బ్రదికినది. ఒక ముస్లిము సంపాదకుని ఉర్దూ పత్రికకు ఒక తెలుగు నాయకుడు అండయగుట, 1921 నాటి నాటకశాలలో నవ్వినవారికిని, నవ్వబడినవారికిని ఊహకందని విషయము.

తరువాతి కాలమున బల్లలు చెదరినవి. 1948 పిమ్మట పాతనగరమున భయము, వలసలు, ఉద్యోగములు పోవుట. ఉర్దూ కచ్చేరి భాషగా నుండుట పోయినది. ఒకనాడు తెలుగువాడు పడిన యిబ్బందిని ఇప్పుడు చార్మినారు వీథులలోని గుమాస్తా పడెను. దీనిని న్యాయమని సంతోషించినవారిని మే మెరుగుదుము. ఆ సంతోషము మాకు కలుగలేదు. 1949 ఆగష్టు 15న ఆబిద్ అలీ ఖానుగారు, మహబూబ్ హుసేన్ జిగర్ గారు ‘సియాసత్’ దినపత్రికను ఆరంభించి, బెదరిన జనులచేతికి మరల నొక కాగితమునిచ్చిరి. మఖ్దూం కవిత్వమును చదువుటయు వినుటయు ఆయన 1969లో మరణించిన పిమ్మటను ఆగలేదు.

1955లో గ్రంథాలయ శాసనము వచ్చి, ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. సుల్తాను బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నూరేండ్లు దాటి నిలిచియున్నది. అఫ్జల్‌గంజి భవనములోనికి మేము పోయినప్పుడెల్ల మెట్లమీదను, వరండాలలోను, చెట్లనీడను పోటీపరీక్షలకు చదువు యువతీయువకులు కనబడుచుందురు. పల్లెలనుండి వచ్చినవారే యెక్కువ. పత్రికల గదిలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలు ఒకే వరుసలో పరచియుండును. ఒక ముసలాయన కండ్లద్దములు నుదుటి మీదికి నెట్టుకొని ఉర్దూ పత్రికను కంటికి దగ్గరగా పట్టుకొని చదువుచుండెను. ప్రక్కనున్న పిల్లవాడు తెలుగు పత్రికలో ఉద్యోగ ప్రకటనలను వ్రాసికొనుచుండెను. ముసలాయన ఏదో వార్త చూచి నవ్వి, ఎవరికైన చెప్పవలెనని తల యెత్తెను. పిల్లవాడు వ్రాత ఆపి, ఏమని కనుసైగ చేసెను. ముసలాయన గోడవైపు ఒకమారు చూచి, పత్రికను బల్లమీద నతనివైపు జరిపి, ఆ వార్త మీద వ్రేలుంచెను. పిల్లవానికి ఆ లిపి రాదు. ఇరువురును లేచి వరండాలోనికి పోయిరి. ముసలాయన అక్కడ బిగ్గరగా చదువుచుండగా మేము మెట్లు దిగితిమి.